పూట దాటిన మూట

ఆ బడిలో పొద్దున్నే పిల్లల్ని లేపేది గంట కాదు, సిరంజీల గిన్నె చప్పుడు. మూటలత్త పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. గాజు సిరంజీలు ఒకదానికొకటి కొట్టుకుని పగలకుండా పాత గుడ్డలో చుట్టి అడుగున పేర్చేది. సూదులు వేరే గిన్నెలో వేసేది. నీళ్ళు తెర్లాక కూడా ఇంకాసేపు మంట తగ్గించేది కాదు.

"ఉడికాయి చాల్లేవమ్మా, అవేం దుంపలా?" అని వంటాయన రోజూ అనేవాడు.

"దుంపలైతే నీ మొహాన వదిలేసేదాన్ని. ఇవి పిల్లల ఒంట్లోకి పోయేవి," అని ఆవిడా రోజూ అనేది. ఇద్దరికీ ఆ మాటతోనే తెల్లారేది.

జబ్బు పిల్లలకు వేరే బళ్ళు ఉండే రోజులవి. మామూలు బళ్ళు వాళ్ళని గడప తొక్కనిచ్చేవి కావు. మెట్లెక్కలేరనీ, పాఠం మధ్యలో దగ్గుతారనీ, పక్కవాళ్ళు జడుసుకుంటారనీ వంకలు చెప్పేవి. పోనీ ఆస్పత్రిలో ఉంచుదామంటే, ఒక్కొక్కరికి ఏళ్ళ తరబడి మంచం ఎవరిస్తారు? అందుకని ఊరి చివర, గాలీ ఎండా బాగా వచ్చే చోట, పొడుగాటి వసారా ఉన్న భవనం ఒకటి చూసి, ఒక వైపు మంచాలు వేశారు, ఇంకో వైపు నల్లబల్ల పెట్టారు. ఎముకల్లో క్షయ పట్టినవాళ్ళు పిండికట్లతో వెల్లకిలా పడుకునే ఎక్కాలు అప్పజెప్పేవాళ్ళు. కాళ్ళు చచ్చుబడ్డవాళ్ళు ఇనప కమ్మీలూ తోలు పట్టీలూ బిగించుకుని, గుర్రాల్లా చప్పుడు చేసుకుంటూ బల్లల దగ్గరికి వచ్చేవాళ్ళు. ఉబ్బసం పిల్లలు దిండ్లకి ఆనుకుని రాసేవాళ్ళు. చేపనూనె చెంచా మాత్రం అందరికీ ఒకటే. అది మింగేటప్పుడు ఏ జబ్బువాడి మొహమైనా ఒక్కలాగే ఉండేది.

సిరంజీలు ఆరబెట్టాక మూటలత్త అసలు పనికి దిగేది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత దుప్పటి ముక్కలు, నీడలో ఆరినవి, చేతి మీద వేసుకుని మంచం మంచం దగ్గరా ఆగేది. నొప్పి ఉన్నచోట గుడ్డతో పై నుంచి కిందకి ఒక్కసారే తుడవాలి. రెండోసారి తుడిస్తే నొప్పి చెదిరిపోతుంది. నాలుగు కొసలూ కూడదీసి ముడేస్తే సరి, నొప్పి మూటలోకి వచ్చేసేది. ఆ మూటలన్నీ పక్క గదిలో మేకులకి తగిలించేది. దగ్గు మూటలు మేకు మీదే ఉలిక్కిపడుతుండేవి. తలనొప్పివి ముట్టుకుంటే వేళ్ళకి టకటకా తగిలేవి. కీళ్ళనొప్పులవి వెచ్చగా ఉండేవి. పిల్లలు ఆ పూటంతా హాయిగా పాఠాలు విని, మధ్యాహ్నం గంట కొట్టగానే వరసగా నిలబడి ఎవరి మూట వాళ్ళు విప్పించుకునేవాళ్ళు. మూట విప్పి ఎదురుగా దులిపితే నొప్పి తన ఇంటికి తను వెళ్ళిపోయేది. కాసేపు మూలుగులు, ఆ తర్వాత జావ.

ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. వారానికోసారి వచ్చే డాక్టరుని అందరూ గురువారం డాక్టరు అనేవాళ్ళు. ఆయన మందుల వరసలోనే కింద "మూట, ఒక్క పూట" అని రాసి పోయేవాడు. పైనుంచి చూడ్డానికొచ్చిన అధికారి ఒకాయన ఆ గదంతా కలియజూసి, "మేకులు తుప్పు పట్టాయి, మార్పించండి," అన్నాడు. అంతే.

పూట దాటనివ్వకపోవడం మాత్రం మూటలత్త పట్టుదల. ఆవిడకంటే ముందు పనిచేసిన ఆయా ఒకసారి సెలవుల హడావిడిలో ఒక పిల్లాడి మూట మరిచిపోయింది. వాడు పట్టీ కింద పుండు పడిన సంగతి తెలియక గెంతులేసి గెంతులేసి చివరికి పాదం పోగొట్టుకున్నాడు. "నొప్పంటే కాపలా కుక్కరా," అనేది మూటలత్త. "అరుస్తుంటే చిరాకే. తరిమేశావో, దొంగ ఇల్లు ఊడ్చుకుపోయాక తెలుస్తుంది." చదువు పెద్దగా లేని మనిషి, సంతకం పెట్టడానికే నుదుటికి చెమట పట్టేది. అయినా ఆ గది తాళంచెవి గురువారం డాక్టరు చేతికి కూడా ఇచ్చేది కాదు. కోపం ముక్కు మీదే. మాట పడితే మర్చిపోయే రకం కాదు. వంటాయన ఎప్పుడో ఒకసారి పాలల్లో నీళ్ళు కలిపాడని, ఆ తర్వాత ఆయన పోసిన పాలు ఏనాడూ తాగలేదు.

వసారా చివరి మంచం పిల్లని కందిరీగ అనేవాళ్ళు. నోట్లో నువ్వుగింజ నానేది కాదు, అన్నదల్లా కుట్టినట్టుండేది. ఆ పిల్లకి ఒకప్పుడు గొంతునొప్పితో మొదలైన జ్వరం కీళ్ళలో అద్దెకు దిగి, గుండెలో ఇల్లు కట్టుకుంది. మోకాళ్ళు వాచేవి, నాలుగడుగులేస్తే ఆయాసం. ఇంజెక్షను, పడక, సగం పూట చదువు. "ఏమైనా చెయ్యనియ్యి గానీ పరుగు మాత్రం వద్దు. ఆ గుండె పరుగుకి ఆగదు," అని గురువారం డాక్టరు మూటలత్తని పక్కకి పిలిచి మరీ చెప్పాడు.

"అత్తా, ఇవాళ నా మూట సాయంత్రం దాకా ఉంచవా?" అంది కందిరీగ ఒకరోజు.

"ఉంచితే ఏం చేస్తావే?"

"పరిగెడతా."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి? ఊరికే."

"ఊరికే పరిగెత్తేది కుక్కపిల్ల. నువ్వు కుక్కపిల్లవా?"

"నీకేం తెలుసులే. నువ్వు పరిగెత్తగా ఎవరు చూశారు? గాలి తగ్గిన చక్రంలా ఒక పక్కకి ఒరిగి ఒరిగి నడుస్తావు."

పక్క మంచాలన్నీ పకపకా నవ్వాయి. మూటలత్త ఆ పిల్ల మోకాలు తుడిచి, మామూలు కంటే ఒక బిగువు ఎక్కువగా ముడేసి వెళ్ళిపోయింది. ఆవిడ ఒరిగి నడవడం నిజమే. వయసు మీద పడిందని అందరూ అనుకునేవాళ్ళు. వయసు కాదు. రొంటిన ఒక మూట ఉండేది.

ఆ మూట పెద్ద సారుది.

ఆ బడికి ఇప్పుడు ఆయనే పెద్ద. అప్పట్లో మాత్రం, తుంటి ఎముక పుచ్చి, నడుము నుంచి మడమ దాకా పిండికట్టుతో ఆ వసారాలోనే పడి ఉన్న పిల్లాడు. కాళ్ళు పుల్లల్లా ఉండేవని మూటలత్తే "పిచ్చుక" అని పేరు పెట్టింది. వాణ్ణి ఎత్తుకుని ఎండలోకి తెచ్చేది, నీడలోకి తీసుకెళ్ళేది. పిండికట్టు కింద దురద పెడితే ఈకతో గోకేది. రాత్రి వాడు ఏడిస్తే తన కళ్ళు ఎర్రబడేవి. వాడు చదువుకున్నాడు, లేచి నడిచాడు. ఒక కాలు కాస్త పొట్టిదైతే చెప్పుకింద మందంగా అట్ట వేయించుకున్నాడు. పంతులు ఉద్యోగానికి పిలుపు వచ్చిన రోజున మూటలత్త గడ్డం పట్టుకుని బతిమాలాడు.

"అక్కడ బోలెడు మెట్లు అత్తా. మూలుగుతూ ఎక్కితే ఎవడిస్తాడు ఉద్యోగం? ఈ ఒక్క పూట కట్టిపెట్టు."

"సాయంత్రం వచ్చి తీసుకుంటావా?"

"నీ మీద ఒట్టు."

ఉద్యోగం ఇచ్చారు. అటు నుంచి అటే వేరే ఊరు పంపారు. సాయంత్రం రాలేదు. పండి, నెరిసి, ఈ బడికే పెద్ద సారుగా వచ్చాడు చివరికి. ఆ రోజు మూటలత్త రొంటి సవరించుకుని ఆయన ఎదురుగా నిలబడింది. "బాగున్నావా అత్తా?" అన్నాడు గానీ మూట ఊసెత్తలేదు. అడగనిది ఇవ్వడం ఆవిడ నైజం కాదు. ఇస్తే వాడు మళ్ళీ మూలగడం చూడాలి. అది ఆవిడ వల్ల కాదు. మొదట్లో గువ్వపిట్టంత ఉన్న మూట ఇన్నేళ్ళకి రోకలిబండంత బరువెక్కింది. లోకానికంతటికీ పూట నియమం పెట్టిన మనిషి, ఒక్కడి దగ్గర మాత్రం తప్పింది. ఆ సంగతి ఆవిడకీ ఆవిడ నడుముకీ తెలుసు.

ఒక సాయంత్రం పెద్ద సారు వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఆయన వంటింటికి రావడం ఎవరూ ఎరగరు. వంటాయన గరిటె దించాడు.

"అత్తా, కమిటీ వస్తోంది. ముగ్గురు. అందులో ఒకావిడ డాక్టరు కూడా. మన పిల్లలు ఎంత బాగా చదువుతున్నారో చూస్తే, ఇక్కడే ఉండే డాక్టరుని ఇస్తారు. గురువారం దాకా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూడక్కర్లేదు."

మూటలత్త మొహం విప్పారింది. రాత్రిపూట ఆయాసంతో పిల్లలు కొట్టుకుంటుంటే గురువారం ఎంత దూరమో ఆవిడకి తెలిసినట్టు ఎవరికి తెలుసు?

"అయితే ఏం చెయ్యమంటావు?"

"ఏం లేదు. ఆ రోజు అందరివీ కట్టు. మంచం పట్టినవాళ్ళవి కూడా. డ్రిల్లు చేసి చూపిస్తారు, పాటలు పాడతారు. ఆ, ఇంకోటి. గది తాళంచెవి నా దగ్గర ఉంచు. కమిటీ వాళ్ళు తెలియక ఏ మూటన్నా లాగారనుకో, గోల."

"తాళంచెవా?"

"ఏం, నన్ను కూడా నమ్మవా? నీ చేతుల్లో పెరిగినవాణ్ణి."

ఆ మాటతో నోరు కట్టేశాడు. ఆయన వెళ్ళాక వంటాయన నెమ్మదిగా అన్నాడు, "నాకు ఆ నవ్వు నచ్చలేదమ్మా. చెప్పులు చేతపట్టుకుని వచ్చే చుట్టంలా ఉంది."

"పాలల్లో నీళ్ళు కలిపేవాడివి, నువ్వు వాణ్ణి అంటావా?" అంది మూటలత్త. వంటాయన మళ్ళీ గరిటె అందుకున్నాడు.

కమిటీ వచ్చిన పొద్దున గదిలో మేకులు చాల్లేదు. ఒక్కో మేకుకి రెండేసి తగిలించింది. పిండికట్లవాళ్ళు నవ్వుతూ కూర్చున్నారు. ఇనప కమ్మీలవాళ్ళు చెంగుచెంగున నడుస్తున్నారు. వసారాలో దగ్గన్నది వినపడలేదు. ఆ నిశ్శబ్దం మూటలత్తకే కొత్తగా, కాస్త భయంగా ఉంది. తాళం వేసి, తాళంచెవి తీసి, పెద్ద సారు అరచేతిలో పెట్టింది. ఆయన చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

"మధ్యాహ్నం గంటకి కావాలి," అంది.

"అలాగే అత్తా, అలాగే."

కమిటీలో లావుపాటాయన ఒకరు, నిద్రమొహం ఆయన ఒకరు, డాక్టరమ్మ ఒకరు. పిల్లలు పద్యాలు చెప్పారు, లెక్కలు చేశారు. లావుపాటాయన చప్పట్లు కొట్టి కొట్టి అలిసిపోయాడు. డాక్టరమ్మ మాత్రం స్టెత్ తీసి కందిరీగ ఛాతీ మీద పెట్టి చాలాసేపు విన్నది. "ఈ గుండె చప్పుడు నాకు నచ్చలేదే," అంది తనలో తను. "ఆయాసం రావడం లేదూ నీకు?"

"ఇవాళ లేదు," అంది కందిరీగ. అబద్ధం కాదు మరి.

ఎండెక్కింది. గంట కొట్టే వేళవుతోందని, మంచినీళ్ళ పళ్ళెం వంకతో మూటలత్త ఆఫీసు గదికి వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. లోపల పెద్ద సారు గొంతు పాఠం చెబుతున్నంత స్పష్టంగా వినపడింది.

"మీరే కళ్ళారా చూశారు. అందరికీ నయమైపోయింది. ఈ బడి చేయాల్సిన పని అయిపోయింది. ఇక వీళ్ళని మామూలు బళ్ళకి పంపేయొచ్చు. ఈ మంచాలు, మందులు, ఆయాలు, ఇదంతా దండగ."

"మరి ఇంజెక్షన్లు?" అంది డాక్టరమ్మ.

"ఇంకెందుకండీ? గంతులేస్తున్నారుగా."

"మీలాంటి సమర్థులు ఇలా ఊరి చివర పడి ఉండకూడదు," అన్నాడు లావుపాటాయన. "పట్నంలో పెద్ద బడి మీకోసమే ఖాళీగా ఉంది. నే చెప్పిన మాట నేను తప్పను. భోజనాలు కాగానే మూసివేత కాగితం మీద సంతకాలు పెట్టేద్దాం. మంచాలకి లారీ కూడా చెప్పాను."

మూటలత్త చేతిలో పళ్ళెం కదల్లేదు. నీళ్ళు తొణకలేదు. చెయ్యి తిరిగిన మనిషి. లోపలికి వెళ్ళి, ముగ్గురికీ నీళ్ళిచ్చి, నాలుగో గ్లాసు పెద్ద సారుకి ఇవ్వకుండా వెనక్కి తెచ్చేసింది.

బయట పిల్లల పరుగు పందెం అన్నారు. కమిటీకి వసారాలో కుర్చీలు వేశారు. వేపచెట్టు దగ్గర గీత గీశారు, అటు చివర తాడు కట్టారు. గీత మీద కందిరీగ నిలబడి ఉంది, గౌను మోకాళ్ళ పైకి దోపుకుని, పెదవి కొరుక్కుంటూ. మెట్ల మీద విజిల్ పట్టుకుని నిలబడ్డ పెద్ద సారు పక్కకి మూటలత్త చేరింది.

"తాళంచెవి ఇవ్వు. పూట దాటుతోంది."

"ఇవాళ్టికి అక్కర్లేదులే అత్తా."

"ఇవాళ్టికా, ఎప్పటికీనా? విన్నాను లోపల."

ఆయన మొహం తిప్పుకోలేదు. సిగ్గుపడితే ఆవిడ తట్టుకునేదేమో. చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు గొంతు తగ్గించాడు. "విన్నావు కదా, మంచిదైంది. ఆలోచించు. ఆ మూటలన్నీ కలిపి ఒక చోట వేసి తగలబెట్టేస్తే పీడా పోతుంది. వీళ్ళూ మామూలు పిల్లలవుతారు."

"నొప్పి పోతే జబ్బు పోతుందా?"

"నాది పోలేదా?" అన్నాడు పెద్ద సారు. నిజంగానే అన్నాడు, నవ్వుతూ అన్నాడు. "నన్ను చూడు. ఆ పూట నువ్వు కట్టావు, ఎక్కడో పారేశావు. ఏమైంది నాకు? గుండ్రాయిలా ఉన్నాను. నాకు జరిగింది వీళ్ళకెందుకు జరగదు?"

"ఏరు దాటి తెప్ప తగలేస్తావన్నమాట."

"తెప్ప ఎప్పటికీ నెత్తిన పెట్టుకుని తిరగమంటావా?" అని విజిల్ ఊదాడు.

పిల్లలు లేడిపిల్లల్లా లంఘించారు. కందిరీగ అందరికంటే ముందుంది. రెండు జడలూ గాల్లో లేచాయి. ఆ నవ్వు మెట్ల దాకా వినపడింది.

మూటలత్త రొంటిన చెయ్యి పెట్టింది. ఇన్నేళ్ళ ముడి, చెమటకీ నలుగుడుకీ బిగుసుకుపోయి రాయైంది. వేళ్ళతో రాలేదు. పంటితో లాగింది. గుడ్డ విప్పి, పెద్ద సారు ఎదురుగా, ఎప్పుడూ దులిపినట్టే, ఒక్కసారి దులిపింది.

ఆయన ముందు ఆశ్చర్యపోయాడు. ఎవరో పాత స్నేహితుడు వెనక నుంచి పేరు పెట్టి పిలిచినట్టు చూశాడు. ఆ తర్వాత తుంటి పట్టుకుని, గోడ కూలినట్టు మెట్ల మీదకి జారిపోయాడు. ఆయన పెట్టిన కేకకి కాకులు లేచాయి. జేబులోంచి తాళంచెవి మెట్టు మీద పడి టంగుమంది.

ఆవిడ ఆ కేక వైపు చూడలేదు. తాళంచెవి అందుకుని, ఒరగకుండా, జీవితంలో మొదటిసారి పరిగెత్తింది. గది తలుపు తెరిచి, వెతకలేదు, చెయ్యి చాచింది. వెచ్చగా, పిట్ట ఎదలా కొట్టుకుంటున్న మూట చేతికి అందింది. పెరటి తలుపులోంచి తాడు ఉన్న వైపుకి దిగింది. కందిరీగకీ తాడుకీ మధ్య రెండు బారల దూరం ఉంది. పెదాలు అప్పటికే నీలంగా ఉన్నాయి, ఆ సంగతి ఆ పిల్లకే తెలియదు. మూటలత్త అడ్డం నిలబడి ముడి లాగి దులిపింది.

కందిరీగ ఉన్నపళాన ఆగిపోయింది. మోకాళ్ళ మీద కూలబడి, చేప నీళ్ళ బయట కొట్టుకున్నట్టు గాలి కోసం నోరు తెరిచింది. పక్కనుంచి ఇంకెవరో దూసుకుపోయి తాడు తెంపారు. మూటలత్త ఆ పిల్లని ఒళ్ళోకి లాక్కుని వీపుకి ఊతమిచ్చి కూర్చోబెట్టింది. డాక్టరమ్మ చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చి స్టెత్ ఆనించింది. ఇందాకటి చప్పుడే. ఈసారి దానికి తోడు ఆయాసం కూడా ఉంది.

"ఇంకొంచెం పరిగెత్తి ఉంటే..." అంది డాక్టరమ్మ.

కందిరీగకి మాట రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక డాక్టరమ్మ వంక చూడలేదు.

"నేను గెలిచేదాన్ని," అంది మూటలత్తతో.

"గెలిచేదానివే."

"నువ్వే చెడగొట్టావు."

"నేనే."

కందిరీగ ఆవిడ ఒళ్ళోంచి మొహం అవతలికి తిప్పుకుంది. దిగిపోదామంటే శక్తి లేదు.

వంటాయన వెళ్ళి మధ్యాహ్నం గంట కొట్టాడు. పిల్లలు అలవాటు ప్రకారం వరస కట్టారు. ఒక్కో మూట విప్పుతుంటే వసారా మళ్ళీ దగ్గులతో, మూలుగులతో, కమ్మీల చప్పుడుతో తన గొంతు తను తెచ్చుకుంది. నిద్రమొహం ఆయనకి అప్పుడు మెలకువ వచ్చింది. లావుపాటాయన కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, లారీ వెనక్కి పంపమని చెప్పి, భోజనం చెయ్యకుండానే కారెక్కాడు. డాక్టరమ్మ సాయంత్రం దాకా ఉండి పిల్లలందర్నీ మళ్ళీ చూసింది. పోతూపోతూ, "ఈ బడి మూసే కాగితం మీద నా సంతకం ఉండదు," అంది. "ఒక్క మాట. ఇక్కడే ఉండే డాక్టరు గురించి మీ సారు ఎవరికైనా అర్జీ పెట్టారా? మాకైతే అలాంటిదేమీ రాలేదు."

డాక్టరు వస్తాడన్నది తనని ఒప్పించడానికే ఆయన అల్లిన అబద్ధమని అప్పటిదాకా మూటలత్తకి తట్టనే లేదు. మూసేసే ఆలోచన కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. తన ఆశ ఏమిటో తెలిసినవాడు గనకే ఆ ఎర వేయగలిగాడు.

పెద్ద సారుని నలుగురు మోసుకెళ్ళి వసారాలో ఖాళీ మంచం మీద పడుకోబెట్టారు. దీపాలు పెట్టే వేళకి ఆయనకి నోరు పెగిలింది.

"దాచిపెట్టావా? ఇన్నేళ్ళూ నీ దగ్గరే పెట్టుకుని తిరిగావా?" అన్నాడు పళ్ళ బిగువున. "ఎంత మోసం చేశావు అత్తా!"

"మోసం అనే మాట నీ నోట రానివ్వకు," అంది మూటలత్త. ఆయనతో ఆవిడ నేరుగా మాట్లాడిన ఆఖరు మాట అదే.

అన్నేళ్ళు పెరిగిన నొప్పి చిన్నప్పటి ఇంట్లో పట్టలేదు. పెద్ద సారు మళ్ళీ మెట్లెక్కలేదు. పట్నం పెద్ద బడి ఇంకొకరికి పోయింది. ఈ బడి మాత్రం మిగిలింది, దగ్గులతో సహా. ఉండే డాక్టరు రాలేదు గానీ డాక్టరమ్మ పట్టుబట్టి గురువారానికి తోడు సోమవారం కూడా ఒకరిని పంపింది. పెద్ద సారు మంచం మీదే దిండ్లకి ఆనుకుని పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. చెప్పడంలో వంక పెట్టడానికి లేదు. ఎవరన్నా మూలిగితే ఇదివరకులా "నిశ్శబ్దం" అనడం మానేశాడు. మూలుగు అయ్యేదాకా సుద్దముక్క పట్టుకుని ఆగేవాడు.

మూటలత్త నడుము తిన్నగా నిలబడుతుందని అందరూ అనుకున్నారు. బరువుకి అలవాటుపడ్డ ఒళ్ళు కదా, ఇప్పుడు రెండో పక్కకి ఒరగడం మొదలెట్టింది. "చక్రం మార్చినా బండి అదే," అని కందిరీగ పక్క మంచంతో అంది. ఆవిడతో మాత్రం మాట్లాడేది కాదు. మూట కట్టించుకునేటప్పుడు కూడా మోకాలు చాపి, కళ్ళు పైకప్పుకి పెట్టేది.

వాన వెలిసిన ఒక పొద్దున మూటలత్త గుడ్డలు చేతి మీద వేసుకుని వరసగా వస్తోంది. పెద్ద సారు మంచం దగ్గర వేడినీళ్ళ సంచీ తుంటి కింద పెట్టింది. పిండికట్టు రోజుల్లో ఎక్కడ పెట్టేదో, వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడే. దిండు సర్దింది. మొహం వంక చూడలేదు.

"అత్తా," అన్నాడాయన. "ఇవాళ పెద్ద పిల్లలకి పరీక్ష. ఒక్క పూట. మధ్యాహ్నం గంటకి నేనే అడిగి విప్పించుకుంటాను. నీ మీద ఒట్టు."

ఆవిడ చెయ్యి ఒక్క క్షణం గుడ్డ మీద ఆగింది. వసారా అంతా ఆగింది. ఆ తర్వాత పక్కకి జరిగి కందిరీగ మంచం మీద కూర్చుంది.

"ఏమే, ఆయనకి ఏదన్నా చెప్పు."

ఇన్నాళ్ళకి కందిరీగ ఆవిడ కళ్ళలోకి చూసింది. ఆ తర్వాత పెద్ద సారుని చూసింది.

"సార్, మీ పూట ఎప్పుడో అయిపోయింది," అంది. మోకాలు ముందుకి చాపి, మూటలత్తతో కోపంగానే అంది, "నాది గట్టిగా కట్టు. గంట కొట్టగానే వచ్చి విప్పు. మర్చిపోయావో, ఊరుకోను."

మూటలత్త పై నుంచి కిందకి ఒక్కసారి తుడిచి ముడేసింది. మూట మేకుకి తగిలించి, గదికి తాళం వేసి, తాళంచెవిని రొంటిన, ఖాళీగా ఉన్న ఆ చోట దోపుకుంది.